రంగుల మ్యాపు చూసి సంతకం పెట్టొద్దు

కర్నూలు

అల్లుడా,

మైలవరం డ్యామ్ కింద పెన్న ఒడ్డున ఏ ఊళ్లు ముందు ఖాళీ చేయించాలో చెప్పే సిమ్యులేషన్ రిపోర్టు నీ టేబుల్ మీదికొచ్చిందనీ, సంతకం పెట్టాలంటే టెన్షన్‌గా ఉందనీ రాశావు. ఉండనీ, మంచిదే.

మొదట ఇది అడుగు: ఈ మోడల్‌ని ఏ వరదతో సరిచూశారు? చాలామంది ఒక వరదకు కుదిరేదాకా అంకెలు సర్ది, మళ్లీ అదే వరదకు సరిపోయిందని చూపిస్తారు. ప్రశ్నపత్రం ముందే చూసి పరీక్ష రాయడం అది. సర్దుబాటుకు వాడని ఇంకో వరదతో చూపించమను. అదీ పెద్దదై ఉండాలి. 2009 అక్టోబరులో శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, తుంగభద్రా హంద్రీ కలిసి మా కర్నూలును ముంచాయి. మామూలు వరదలతో సరిచూసిన మోడల్ అలాంటి రోజు గురించి చెప్పేది ఊహే.

తర్వాత మ్యానింగ్ గుణకం చూడు, ఏటి గరుకుదనం నీటిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె అది. శుభ్రమైన ఏటికి 0.03 దగ్గర వేస్తారు, కంప దట్టంగా ఉంటే 0.1 దాకా పోతుంది. ఏసీ గదిలో కూర్చున్నవాడికి కంప కనపడదు (మన ఏళ్లలో కంప లేని చోటెక్కడుందిలే). నువ్వు పోయి చూసి, ఆ అంకెను పెంచీ తగ్గించీ మళ్లీ నడిపించు. నీటిమట్టం అరడుగు మారితే సరే. మీటరు మారి ఏదైనా ఊరు నీళ్లలోకి పోతుంటే, దాన్ని ఖాళీ చేయించే జాబితాలోనే పెట్టు. నీళ్లు రాకపోతే జనం తిడతారు, అంతే కదా.

మోడల్లో గేట్లన్నీ చెప్పినట్టు వింటాయి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు చైను తెగి గేటే కొట్టుకుపోయింది. 2021 నవంబరు 19న పైనున్న పింఛా కట్ట తెగిన నీళ్లు కూడా తోడై, చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట పోయింది. మీ రిపోర్టులో ఒక గేటు లేవకపోతే ఏమవుతుందో ఉందా? పైన గండికోట నుంచి ఒక్కసారిగా నీళ్లు వస్తే? లేకపోతే వెనక్కి పంపు.

సాఫ్ట్‌వేర్ పేరు చూసి ధీమా పడొద్దు. 1991లో నార్వేలో స్లైప్నర్ చమురు ప్లాట్‌ఫారం కాంక్రీటు కట్టడం మునిగిపోయింది. దాని డిజైన్ లెక్కకు వాడింది పేరున్న నాస్ట్రాన్ సాఫ్ట్‌వేరే. మెష్ (లెక్క కోసం కట్టడాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టే వల) సరిగా వేయక షియర్ ఒత్తిడిని, అంటే గోడను కోసేలా నెట్టే ఒత్తిడిని, 47 శాతం తక్కువ చూపింది. తర్వాత జాగ్రత్తగా లెక్కిస్తే 62 మీటర్ల లోతులో గోడ పగలాలని తేలింది. నిజంగా పగిలింది 65 దగ్గర.

అందుకే ఒక చోటికైనా చేత్తో లెక్క వేసుకో. ఆదివారం వచ్చేటప్పుడు ఏటి క్రాస్ సెక్షన్ల (అడ్డుకోత కొలతల) కాగితాలు పట్టుకురా, కూర్చుని చూద్దాం.

మామ