ఎదురు నిలిచినవారి వెంట ఒక కెమెరా

ప్రశ్న: యూదుల గురించిన డాక్యుమెంటరీ అనగానే నాజీ శిబిరాలు, మరణాలే గుర్తుకొస్తాయి. ఆ ప్రజల జీవితంలోని ఇతర కోణాలను, సామాజిక సమస్యలను కలిపి చూపినవారు ఉన్నారా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఉన్నారు. అమెరికా దర్శకురాలు, నిర్మాత అవీవా కెంప్నర్ దశాబ్దాలుగా చేస్తున్న పని అదే. ఆమె 1946లో బెర్లిన్‌లో పుట్టారు. పోలండ్ యూదురాలైన తల్లి, తాను కాథలిక్‌నని నమ్మించి జర్మనీలోని శ్రామిక శిబిరంలో ప్రాణం దక్కించుకున్నారు. ఆ తల్లి పుట్టింటి పేరు మీదే కెంప్నర్ ఒక లాభాపేక్ష లేని సంస్థను నెలకొల్పి, దాని ద్వారా చిత్రాలు తీస్తున్నారు. చావును మాత్రమే కాక ఎదిరింపును కూడా చూపాలన్న ఆమె పట్టుదలకు మూలం ఈ ఇంటి చరిత్రేనని నా నమ్మకం.

ఆమె నిర్మించగా జాష్ వాలెట్స్కీ దర్శకత్వం వహించిన ‘పార్టిజాన్స్ ఆఫ్ విల్నా’ (1986), విల్నా (నేటి లిథువేనియా రాజధాని విల్నియస్) నగరంలో నాజీలపై ఆయుధం పట్టిన యూదు యువతీయువకుల కథ. ఆ తరువాత ఆమె అమెరికాలోని డెట్రాయిట్ నగర జట్టుకు ఆడిన యూదు బేస్‌బాల్ ఆటగాడు హ్యాంక్ గ్రీన్‌బర్గ్ మీద చిత్రం తీశారు. యూదుద్వేషాన్ని రేడియోలో బాహాటంగా ప్రచారం చేసిన పాద్రీ కాఫ్లిన్ నివసించిన ప్రాంతమది. అలాంటి చోట 1934లో, పోటీ రసవత్తరంగా సాగుతున్న వేళ, గ్రీన్‌బర్గ్ యూదులకు పరమ పవిత్రమైన యోమ్ కిప్పూర్ పర్వదినాన ఆట మానుకుని ప్రార్థనామందిరానికి వెళ్లాడు. నిధులు చాలక ఆ చిత్రం పూర్తి కావడానికి పదమూడేళ్లు పట్టిందంటే, ఈ వృత్తిలో ఓపిక ఎంత అవసరమో తెలుస్తుంది.

మీ ప్రశ్నకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది ‘రోజెన్‌వాల్డ్’ (2015). అమెరికా చిల్లర వ్యాపార సంస్థ సియర్స్ అధిపతి, యూదు వలస కుటుంబీకుడు జూలియస్ రోజెన్‌వాల్డ్, నల్లజాతి నాయకుడు బుకర్ టి. వాషింగ్టన్‌తో చేతులు కలిపి, అమెరికా దక్షిణ రాష్ట్రాల నల్లజాతి పిల్లల కోసం దాదాపు 5,300 పాఠశాల భవనాలకు సాయపడ్డారు. ఆయన మొత్తం ఖర్చు భరించలేదు. ఊరివాళ్లు కూడా డబ్బో, కలపో, శ్రమో సమకూర్చాలనేది నియమం. పేదరికంలోనూ చందాలు పోగుచేసి తమ బడిని తామే కట్టుకున్న ఆ నల్లజాతి కుటుంబాలకు దాతతో సమానమైన గౌరవం దక్కాలి. మీరు ఒక్కటే చూడగలిగితే ముందుగా దీన్నే చూడండి.