లాగ్‌బుక్‌లో చేప పేరు మారిస్తే జైలా?

ప్రశ్న: మా అన్నయ్య ఒక పెద్ద చేపల ఓడలో పనిచేస్తున్నాడు. వలలో పడిన కాడ్ చేపను లాగ్‌బుక్‌లో (పట్టిన చేపల లెక్క రాసే ఓడ పుస్తకంలో) హాడక్ అనే వేరే చేపగా రాయమని కెప్టెన్ చెబుతున్నాడట. కాగితం మీద పేరు మారిస్తేనే జైలుకు పంపిస్తారా? అన్నయ్య మీదకీ వస్తుందా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి

జవాబు: జైలు దాకా వెళ్లిన కేసులు ఉన్నాయమ్మా. మీ అన్నయ్య చెబుతున్న ఈ పద్ధతిలోనే ఒక పెద్ద కేసు నడిచింది. అమెరికాలోని న్యూ బెడ్‌ఫర్డ్ రేవులో కార్లోస్ రఫేల్ అనే పడవల యజమాని, కోటా (పట్టుకోవడానికి అనుమతించిన పరిమితి) తక్కువగా ఉన్న కాడ్ లాంటి చేపల్ని హాడక్‌గా రాయించాడు. అలా దాచిన సరుకు బరువు సుమారు 7,80,000 పౌండ్లు, అంటే 350 టన్నుల పైమాటే. పట్టేదీ అతని పడవలే, కొనేదీ అతని కంపెనీయే. అందుకే పడవ లెక్క, కొనుగోలు లెక్క చక్కగా సరిపోయేవి. 2017లో నేరం ఒప్పుకున్నాక 46 నెలల జైలు, 2 లక్షల డాలర్ల జరిమానా పడ్డాయి. 2019లో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం మరో 30 లక్షల డాలర్లకు పైగా కట్టి, చేపల వ్యాపారం నుంచే శాశ్వతంగా తప్పుకోవాల్సి వచ్చింది.

రేవులో దిగిన సరుకును లాగ్‌బుక్‌తో సరిచూసే పనిలో నేను చాలా ఏళ్లు ఉన్నాను. ‘కాగితమే కదా’ అన్న మాట వింటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. సముద్రంలో చేప ఎంత మిగిలిందో ఎవరూ దిగి లెక్కపెట్టలేరు. శాస్త్రవేత్తలు తమ సర్వేలతో పాటు ఈ లాగ్‌బుక్ అంకెల్నీ కలిపి అంచనా వేస్తారు. వచ్చే ఏటి కోటా దాన్నిబట్టే. కాడ్‌ను హాడక్ అని రాస్తే రెండు చేపల లెక్కా ఒకేసారి పాడవుతుంది. ఆ నష్టం నిజాయితీగా రాసిన పక్క పడవవాడి నెత్తినా పడుతుంది. రఫేల్ కేసు తర్వాత అతని పడవలున్న సహకార బృందం మొత్తాన్నీ వేటకు వెళ్లకుండా ఆపేశారు. ఏ తప్పూ చేయని కూలీలు కూడా పని లేకుండా కూర్చున్నారు.

అయితే జరిమానా ఒక్కటే సరిపోతుందని నేను అనుకోను. స్కాట్లాండ్‌లో 2002–2005 మధ్య సుమారు 6.3 కోట్ల బ్రిటిష్ పౌండ్ల విలువైన మాకరెల్, హెర్రింగ్ చేపల్ని లెక్క చూపకుండా దింపారు. ఫ్యాక్టరీల్లో రహస్య తూకం యంత్రాలు కూడా పెట్టుకున్నారు. 2012లో 17 మంది కెప్టెన్లకూ మూడు ఫ్యాక్టరీలకూ కలిపి పడిన జరిమానా దాదాపు 10 లక్షల పౌండ్లు. అంత చిన్న మొత్తాన్ని వ్యాపార ఖర్చుల్లో రాసుకుంటారు. అక్రమంగా వచ్చిన లాభాన్ని జప్తు చేస్తూ వేరే ఉత్తర్వులు ఇచ్చారు, దెబ్బ తగిలింది అక్కడ. యూరోపియన్ యూనియన్‌లో అయితే తీవ్రమైన తప్పు చేస్తే పడవ లైసెన్సు మీద పాయింట్లు పడతాయి. 18 చేరితే కనీసం రెండు నెలలు వేట బంద్, 90 చేరితే లైసెన్సు శాశ్వతంగా రద్దు. పడవ అమ్మేసినా ఆ పాయింట్లు లైసెన్సుతో పాటే కొన్నవాడికి వెళ్తాయి. నాకు బాగా నచ్చిన నిబంధన ఇది.

ఇక మీ అన్నయ్య సంగతి. లాగ్‌బుక్ బాధ్యత మామూలుగా కెప్టెన్‌ది, లైసెన్సు ఉన్నవాడిది. యజమాని చెప్పాడు కాబట్టి రాశానంటే కెప్టెన్ తప్పించుకోలేడు. 2019 ఒప్పందంలో రఫేల్ దగ్గర పనిచేసిన 17 మంది కెప్టెన్ల పర్మిట్ల మీద కూడా సస్పెన్షన్లు, ఆంక్షలు వచ్చాయి. డెక్ మీద పనిచేసే మనిషి తెలిసి తప్పుడు అంకె రాసినా, సంతకం పెట్టినా అతనూ చిక్కుల్లో పడవచ్చు. బరువు అంచనాలో కొంత తేడా వేరు, దానికి చట్టాలే వెసులుబాటు ఇస్తాయి. చేప పేరు తెలిసి మార్చడం అలాంటిది కాదు.

తన చేత్తో రాయవద్దనీ సంతకం పెట్టవద్దనీ అన్నయ్యకు చెప్పండి. ఏ రోజు ఏ చేప ఎంత పడిందో సొంత నోట్‌బుక్‌లో రాసుకోమనండి. నడిసముద్రంలో కెప్టెన్‌తో గొడవకు దిగవద్దు. రేవు చేరాక నావికుల యూనియన్ ప్రతినిధినో, లాయర్నో కలిసి ఆ నోట్‌బుక్ చూపించి, వాళ్ల సలహా తీసుకున్నాకే అధికారులతో మాట్లాడమనండి.