సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవడం లేదు: 38,000 పెట్టాలా?

ప్రశ్న: రాయగడలో మాకు చిన్న కిరాణా కొట్టు ఉంది. కొన్నేళ్ళ కిందట పార్వతీపురంలో ఉండే మా బావమరిది దగ్గర సాంట్రో జింగ్ కొన్నాను. పెట్రోలు బండి, ఏపీ 35 నంబరు, ఇంకా ఆయన పేరు మీదే ఉంది. వచ్చే నవంబరుకు 15 ఏళ్ళు నిండుతాయి. నెల రోజులుగా సెల్ఫ్ బాగానే తిరుగుతోంది కానీ బండి స్టార్ట్ కావడం లేదు. పంపు, కాయిల్, ప్లగ్గులు, ఇంజెక్టర్లు, ఈసీఎం (ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు) అన్నీ మార్చాలని గ్యారేజీలో 38,000 చెప్పారు. అమ్మను నెలకోసారి విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మా కారులో అయితే పెట్రోలుకు 3,000, టాక్సీ అయితే పోను రాను 6,000. మా అబ్బాయి 4 లక్షల లోను పెట్టి కొత్తది కొందాం అంటున్నాడు. అమ్మాయి కాలేజీ ఫీజుకు దాచిన 1.2 లక్షల ఎఫ్‌డీ మధ్యలో తీసి రిపేరు చేయించనా?

జవాబు: ఎఫ్‌డీని ముట్టుకోకండి. ఆ 38,000 కాగితానికీ ఇప్పుడే ఒప్పుకోకండి. ఆ ఎస్టిమేటులో ఉన్న ఐదు వస్తువులూ ఒకే రోజు పాడైపోవడం చాలా అరుదు. బండి ఎందుకు ఆగిందో తేలనప్పుడు అనుమానం ఉన్నవన్నీ రాసేస్తే అలాంటి జాబితా తయారవుతుంది. మీరు ముందు ఖర్చు పెట్టాల్సింది జబ్బు ఏమిటో తేల్చుకోవడానికి. అది వందల్లో తేలే పని.

నేను మెకానిక్‌ని కాను. అయినా ఇంజిన్ గురించి కాస్త రాయక తప్పదు, ఎందుకంటే మీ డబ్బు లెక్క మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది. సెల్ఫ్ తిరుగుతోందంటే స్టార్టర్ మోటారు బాగున్నట్టే. అలాగని బ్యాటరీ కూడా బాగుందని అనుకోకండి. నీరసించిన బ్యాటరీ సెల్ఫ్‌ను ఎలాగో తిప్పుతుంది, కానీ ఆ సమయంలో వోల్టేజి బాగా పడిపోయి ఈసీఎంకు, స్పార్క్‌కు చాలినంత కరెంటు అందదు. పక్క బండి నుంచి జంపర్ వైర్లు తగిలించి చూస్తే ఈ అనుమానం పైసా ఖర్చు లేకుండా తీరుతుంది.

తర్వాత తాళం ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా వెనక సీటు దగ్గర చెవి పెట్టండి. రెండు మూడు సెకన్లు సన్నగా 'జుయ్' మనాలి. అది ట్యాంకులోని పెట్రోలు పంపు. ఆ చప్పుడు రాకపోతే ముందు చూడాల్సింది ఫ్యూజు, ఆ తర్వాత రిలే (పంపుకు కరెంటు వదిలే స్విచ్చు), తర్వాత వైరింగు. నెల రోజులు కదలని బండిలో ఎలుకలు వైర్లు కొరకడం మామూలే, అందులోనూ మీది కిరాణా కొట్టు. ఇవన్నీ బాగుంటే అప్పుడు పంపు. పంపే పోయిందని తేలినా, సెట్టు మొత్తం మార్చాలా, లోపలి మోటారు ఒక్కటి మారిస్తే సరిపోతుందా అని అడగండి. రెండింటి ధరకూ చాలా తేడా ఉంటుంది.

పంపు చప్పుడు వస్తోందనుకోండి, అప్పుడు స్పార్క్ వస్తోందో లేదో చూడమనండి. స్పార్క్ లేకపోతే కాయిల్ కావచ్చు, క్రాంక్ సెన్సర్ కావచ్చు. ఈ సెన్సర్ పోతే ఇంజిన్ తిరుగుతోందన్న సంగతే ఈసీఎంకు తెలియదు, కాబట్టి స్పార్క్ ఇవ్వదు, పెట్రోలూ చిమ్మదు. పైకి చూసేవాళ్ళకు ఈసీఎం పోయినట్టే ఉంటుంది. చిన్న సెన్సర్‌కు బదులు ఖరీదైన ఈసీఎం మార్చేసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. స్కానర్ పెట్టి చూడకుండా, కరెంటు, ఎర్త్ వైర్లు మీటరుతో కొలవకుండా ఈసీఎం మార్చడానికి సరే అనకండి.

ఇంకొకటి ఉంది, డబ్బు పరంగా అదే ముఖ్యమైనది. మీ బండికి ఉండేది టైమింగ్ బెల్టు, ఇంజిన్ వాల్వులను సరైన సమయానికి కదిలించేది అదే. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజిన్ ఎప్పటికన్నా తేలిగ్గా, వేగంగా తిరుగుతున్నట్టు వినిపిస్తే బెల్టు తెగి ఉండొచ్చు. అప్పుడు సెల్ఫ్ కొట్టడం వెంటనే ఆపేయండి. బెల్టు తెగాక వాల్వులు కూడా వంగి ఉంటే ఇంజిన్ విప్పాల్సిందే, ఆ ఖర్చుకు ఈ బండి తగదు. బెల్టు బాగున్నా కూడా పది సెకన్లకు మించి ఏకధాటిగా సెల్ఫ్ కొట్టకండి, స్టార్టర్ కాలితే అదో బిల్లు.

ఇక లెక్కకు వద్దాం. పాత కారు రిపేరు విషయంలో చాలామంది 'బండి అమ్మితే వచ్చేదాంట్లో సగానికి మించి రిపేరుకు పెట్టకూడదు' అంటారు. నాకు ఆ లెక్క నచ్చదు. ఇప్పుడు మీరు బండి అమ్మడానికి రిపేరు చేయించడం లేదు, అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి చేయిస్తున్నారు. కాబట్టి పోల్చాల్సింది టాక్సీతో. నెలకు మీకు మిగిలేది 3,000, ఏడాదికి 36,000. ఇందులోంచి థర్డ్ పార్టీ బీమా తీయాలి. 1000 నుంచి 1500 సీసీ కార్లకు 2022లో ఖరారు చేసిన ప్రీమియం 3,416, దాని మీద జీఎస్టీ. ఆయిల్ మార్పిడి, టైర్లు, చిన్నాచితకా పనులు కూడా పోతే చేతిలో నిలిచేది ఏడాదికి సుమారు 25,000. అందుకని రిపేరుకు నేను గీసే గీత 15,000. ఏడెనిమిది నెలల్లో తిరిగి వచ్చేస్తుంది. దాన్ని కొట్టు ఆదాయంలోంచి రెండు మూడు నెలల్లో సర్దండి. సరుకు డబ్బు ముట్టకూడదనుకుంటే ఎఫ్‌డీ మీద అప్పు తీసుకోవచ్చు, మామూలుగా ఎఫ్‌డీ వడ్డీ మీద ఒకటి రెండు శాతం ఎక్కువ పడుతుంది. ఫీజు కట్టే తేదీలోపు తీర్చేయాలి, అంతే. బండికి బీమా ఉంది కదా అని దాని మీద ఆశ పెట్టుకోకండి. ప్రమాదం కాకుండా దానంతట అదే చెడిపోయిన భాగానికి మామూలు పాలసీ ఏమీ ఇవ్వదు.

మీ అబ్బాయికి ఈ ఒక్క లెక్క చూపించండి. 4 లక్షలు, పది శాతం వడ్డీ, ఐదేళ్ళు అంటే నెలకు వాయిదా సుమారు 8,500. మొత్తం కట్టేది 5 లక్షల 10 వేల దాకా. నెలకు ఒక్క ప్రయాణానికి టాక్సీవాడు డ్రైవరుతో సహా 6,000 తీసుకుంటున్నాడు. ఆ డబ్బుకు కారు వాయిదా కూడా రాదు, పెట్రోలు, బీమా సంగతి తర్వాత. కుర్రాడి సరదా నేను కాదనను, కానీ దానికి నానమ్మను సాకుగా చూపించకూడదు.

మీరు అడగని విషయం ఒకటి ఉంది, నన్ను ఎక్కువ కంగారు పెట్టింది అదే. బండి బావమరిది పేరు మీద, ఆంధ్ర నంబరుతో, ఒడిశాలో తిరుగుతోంది. మోటారు వాహనాల చట్టం ప్రకారం 12 నెలలకు మించి వేరే రాష్ట్రంలో ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. పేరు మారకపోతే రేపు ఏదైనా జరిగితే ఆయన కోర్టు మెట్లు ఎక్కాలి, సొంత డ్యామేజీ క్లెయిము కూడా మీకు రాదు. 15 ఏళ్ళు నిండిన కారు తుక్కుకే అన్న మాట నమ్మకండి, అలాంటి కట్టడి వచ్చింది ఢిల్లీ ప్రాంతానికి. మన దగ్గర ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ళకు రెన్యూవల్ చేయించుకోవచ్చు, కార్లకు ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000. కానీ మీ విషయంలో దానికి ముందు ఆంధ్ర ఆర్టీఓ ఇచ్చే ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), పేరు మార్పు, బండి వయసును బట్టి ఒడిశా పన్ను ఉంటాయి. రాయగడ ఆర్టీఓ ఆఫీసులో ఆ పన్ను ఎంతో కనుక్కోండి. రిపేరు, కాగితాలు కలిపి 25,000 దాటితే బండి వదిలేయడమే మంచిది.

వదిలేస్తే రాయగడలో బేరం పెట్టకండి. ఏపీ నంబరు బండిని పార్వతీపురం, బొబ్బిలి వైపు కొనేవాళ్ళకు ఎన్‌వోసీ, ఒడిశా పన్ను తలనొప్పి ఉండదు కాబట్టి అక్కడే మంచి ధర పలుకుతుంది. ఎవరూ కొనక తుక్కుకే ఇవ్వాల్సి వస్తే పాత ఇనుము కొట్టుకు కాకుండా రిజిస్టరైన స్క్రాపింగ్ కేంద్రానికి ఇవ్వండి. వాళ్ళిచ్చే సర్టిఫికెట్‌తో ఆర్‌సీ రద్దు చేయించవచ్చు, తర్వాత కొత్త బండి కొంటే రోడ్డు పన్నులో రాయితీ దొరికే వీలూ ఉంది.

ఈ నెల ఆసుపత్రికి టాక్సీలోనే వెళ్ళిరండి. తేదీ దగ్గరపడిందన్న టెన్షన్‌లో ఎస్టిమేటుకు ఊ కొట్టేయడం కన్నా 6,000 చవక. దారిలో పార్వతీపురంలో కాసేపు ఆగి, ఎన్‌వోసీకి ఫారం 28, పేరు మార్పుకు 29, 30 మీద బావమరిది చేత సంతకాలు చేయించుకోండి. బండి ఉంచుకుంటే మూడూ కావాలి, పార్వతీపురం వైపు అమ్మేస్తే 29, 30 చాలు.