పాత ఎ-2 జాకెట్‌కి నూనె రాసే ముందు

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా విమాన సిబ్బంది వేసుకున్న ఎ-2 తోలు జాకెట్ కొన్నాననీ, తోలు ఎండిపోయి, మోచేతుల దగ్గర కుట్లు ఊడి, నడుము అల్లికకు చిమ్మెటలు పట్టాయనీ రాశారు. ముందు ఏ నూనె రాయాలని అడిగారు. ఇప్పటికి ఏ నూనే వద్దండి.

నేను చేతిలోకి తీసుకున్న మొదటి పాత జాకెట్ కూడా ఎ-2నే. గుర్రం తోలు, అట్టలా బిర్రబిగుసుకుపోయి ఉంది. మూడు రోజులు వరసగా నీట్స్‌ఫుట్ ఆయిల్, అంటే పశువుల కాళ్ళ ఎముకల నుంచి తీసే నూనె, పట్టించాను. వారం పాటు మెత్తగా, నిగనిగలాడుతూ ఉండేసరికి ఎంతో సంతోషపడ్డాను. తర్వాత రంగు ముదిరి నల్లబడింది. నూనె లోపలి నూలు లైనింగ్‌లోకి దిగింది. ఎడమవైపు ఛాతీ మీద కుట్టిన తోలు పట్టీలో పేరు అక్షరాలు మసకబారాయి. ఆ జాకెట్ వేసుకుని విమానమెక్కిన మనిషి పేరది. దాన్ని మళ్ళీ చదవగలిగేలా చేయడం నావల్ల కాలేదు, ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

అమెరికా ఆర్మీ ఎయిర్ కోర్ ఎ-2ని 1931లో తీసుకుంది. 1943లో సైన్యం కొత్త ఆర్డర్లు ఆపేసి గుడ్డ జాకెట్ల వైపు మళ్ళింది. కాబట్టి మీది అసలుదే అయితే ఎనభై ఏళ్ళు దాటిన తోలు. అది ఎండిందా, చివికిపోయిందా అన్నది ముందు తేలాలి. జేబు మూత అడుగున, పైకి కనబడని చోట, తెల్ల నూలుగుడ్డతో మెల్లగా రుద్దండి. ఎర్రటి పొడి అంటుకుంటే దాన్ని రెడ్ రాట్ అంటారు. చెట్టు బెరడుతో పదును చేసిన తోళ్ళకు ఎక్కువగా వస్తుంది. గాలిలోని గంధక కాలుష్యం తోలులో ఆమ్లంగా మారి పోగులను తినేస్తుంది. అలాంటి తోలుకు నీళ్ళు తగిలితే నల్లబడి గట్టిపడుతుంది, ఇక మళ్ళీ మునుపటిలా కాదు. మ్యూజియంల వాళ్ళు హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్ అనే జిగురులాంటి పొడిని ఆల్కహాల్‌లో కలిపి పల్చగా పూస్తారు. అది రాలే ఎర్రపొడిని పట్టి ఉంచుతుంది కానీ పోయిన బలాన్ని తిరిగివ్వదు. ఆ స్థితికొచ్చిన జాకెట్ ఇక దాచుకోవడానికే, వేసుకోవడానికి కాదు.

పొడి రాలకపోతే మీరు అదృష్టవంతులు. గుర్రం తోలు మొండిది. చాలాసార్లు దానికంటే ముందు దారం పుచ్చిపోతుంది. అందుకే నా దృష్టిలో ఈ పనిలో సగానికి పైగా కుట్టుపనే. మోచేతి దగ్గర ఊడిన కుట్టును మిషన్ కింద మాత్రం పెట్టకండి. పాత బెజ్జాల పక్కన కొత్తవి పడితే, పోస్టల్ స్టాంపులు చింపినట్టు ఆ గీత వెంబడే చిరుగుతుంది. మొన మొద్దుగా ఉన్న సూదితో, పాత బెజ్జాల్లోంచే, ఒక్కొక్కటిగా చేత్తో కుట్టండి. మందపాటి నైలాన్ దారం వద్దు. గట్టిగా లాగితే ముందు దారం తెగాలి, తోలు తెగకూడదు. తోలే చిరిగి ఉంటే లైనింగ్ కుట్టు కొంచెం విప్పి, అంచులు పల్చగా చెక్కిన తోలు ముక్కను వెనకనుంచి, ఆరాక కూడా వంగే జిగురుతో అతికించండి. సూపర్ గ్లూ రాయిలా బిగుస్తుంది, దాని పక్కనే కొత్త పగులు వస్తుంది.

చిమ్మెటల సంగతి మాత్రం వీటన్నిటికంటే ముందే చూడాలి. జాకెట్‌ను ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక సంచి పూర్తిగా గది వేడికి వచ్చేదాకా విప్పకండి, లేకపోతే తోలుకు చెమ్మ పడుతుంది. వీపు మీద రంగులతో వేసిన బొమ్మ ఉంటే ఈ పద్ధతి వద్దు, చలికి రంగు పెచ్చులూడొచ్చు. అల్లిక మార్చాల్సి వస్తే కొత్త ఉన్ని అల్లిక వేయించండి, పాతది పారేయకుండా కవర్లో దాచండి.

జిప్పు మార్చకండి. చిలుమును పొడి టూత్‌బ్రష్‌తో దులిపి, పళ్ళకు కొంచెం కొవ్వొత్తి మైనం రుద్దితే చాలు. మెడ దగ్గరి లేబుల్‌ను అసలు కదపొద్దు. తయారీదారు పేరూ, కాంట్రాక్టు నంబరూ ఉండేది దానిమీదే.

ముందు ఆ తెల్లగుడ్డ పరీక్ష చేసి ఏం కనబడిందో చెప్పండి. అందాకా జాకెట్‌ను హ్యాంగర్‌కు తగిలించకుండా, శుభ్రమైన దుప్పటి మీద పరిచి ఉంచండి.