పాత జూక్‌బాక్స్‌లో నొక్కిన పాట ఒకటి, మోగే పాట ఇంకొకటి: లోపం ఎక్కడ వెతకాలి?

మీ జూక్‌బాక్స్ (బటన్ నొక్కి అడిగిన పాట రికార్డును వాయించే పెట్టె) గురించి మీరు మూడు సంగతులు చెప్పారు. బి4 (బి అక్షరం, 4 అంకె బటన్లు) నొక్కితే అప్పుడప్పుడు పక్క రికార్డు పడుతోంది. కొన్నిసార్లు కారియేజ్ (రికార్డుల వరుస వెంట కదిలి, అడిగిన రికార్డు దగ్గర ఆగి వాయించే భాగం) ఎక్కడా ఆగకుండా అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఒక పాట మాత్రం ఎవరూ అడగకుండానే మళ్లీ మళ్లీ వస్తోంది. ఈ మూడింటికీ కారణం ఒకటే కానక్కర్లేదు. సీబర్గ్ కంపెనీ వంద పాటల మెషీన్, ఆ తర్వాతి తరం టార్మాట్ మెమరీ (ఎంపికైన పాటను చిన్న అయస్కాంత ఉంగరాల్లో గుర్తుంచుకునే పద్ధతి) మెషీన్ రెండూ విప్పి బాగుచేసిన అనుభవంతో రాస్తున్నాను.

స్క్రూడ్రైవర్ ఇప్పుడే పట్టకండి. ముందు కాగితం మీద ఒక పట్టిక గీయండి: ఏది నొక్కారు, ఏది మోగింది, రికార్డు ఏ వైపు మోగింది, ఆగే ముందు కారియేజ్ ఎటు వెళ్తోంది. బటన్లన్నీ నొక్కి చూడటం విసుగే, కానీ రోగం సగం అక్కడే దొరికిపోతుంది. దానికంటే ముందు, రికార్డులు సరైన గదుల్లోనే ఉన్నాయా చూసుకోండి. 1తో పొరబడకుండా చాలా మెషీన్లలో ఐ అక్షరం పెట్టరు. అది తెలియక ఒక వరుస జరిపి సర్దిన మెషీన్లు చూశాను.

ఇక పట్టిక చదవడం. ఒకే అక్షరానికి చెందిన పాటలన్నీ తప్పుతున్నా, ఒకే అంకెకు చెందినవన్నీ తప్పుతున్నా లోపం ఆ బటన్ కాంటాక్ట్‌లోనో, దాని వైరులోనో, లోపలి వైర్లను కలిపే ప్లగ్గులోనో ఉంటుంది. నా మెషీన్‌లో ఒక అక్షరం పూర్తిగా చచ్చిపోతే అందరూ కాయిల్ (తీగచుట్ట) పోయిందన్నారు. తీరా చూస్తే ప్లగ్గులో ఒక పిన్ వదులై ఉంది. ప్లగ్గులన్నీ ఒకసారి తీసి పెట్టి, మల్టీమీటర్‌తో కంటిన్యూటీ (తీగ ఎక్కడా తెగకుండా ఉందా అని) చూశాకే కాయిల్ జోలికి వెళ్లండి.

మీ అసలు బాధ పక్క రికార్డు పడటం కాబట్టి దాని గురించి కాస్త వివరంగా చెబుతాను. సీబర్గ్ మెషీన్లలో కారియేజ్ ఒక దిశలో వెళ్తూ రికార్డుల ఒక వైపును, తిరిగి వస్తూ రెండో వైపును వాయిస్తుంది. అందుకే తప్పు ఎటు జరిగిందో గమనించండి. కారియేజ్ ఎటు పోతుంటే అటే ఒక గది దాటి ఆగుతోందంటే అది ఆలస్యంగా ఆగుతోందని అర్థం. గ్రీజు గట్టిపడి లివర్ కదలడం లేదు, లేదా ట్రిప్ సోలనాయిడ్‌కు (కారియేజ్‌ను ఆపే లివర్‌ను కదిపే విద్యుత్ అయస్కాంతానికి) బలం చాలడం లేదు. అలా కాకుండా ఎటు నుంచి వచ్చినా తప్పు ఎప్పుడూ ఒకే పక్కకే ఉంటే, అప్పుడు మాత్రమే అడ్జస్ట్‌మెంట్ స్థానం తప్పిందని అనుమానించాలి. మీకు అప్పుడప్పుడే అవుతోంది కాబట్టి నా అనుమానం గ్రీజు మీదే. మెషీన్ చల్లగా ఉన్నప్పుడు తప్పు ఎక్కువగా, కాసేపు నడిచాక తక్కువగా ఉంటే ఇక సందేహం అక్కర్లేదు.

దశాబ్దాల నాటి గ్రీజు జిగురులా మారుతుంది. పైన కొత్త నూనె పోస్తే లాభం లేదు. పాతదంతా కరిగించి తుడిచి, పలచగా కొత్తది రాయాలి. సోలనాయిడ్ లోపలి కడ్డీకి, సెలెక్టర్ పిన్నులకు (ఎంపికైన పాటను గుర్తుంచే చిన్న కడ్డీలకు) మాత్రం నూనె వద్దు. దుమ్ము పట్టి మళ్లీ బిగుసుకుంటాయి.

అడగకుండా వచ్చే పాట సంగతి సులువు. పిన్ ఉన్న మెషీన్లలో సెలెక్షన్ నొక్కితే ఒక పిన్ బయటికి వస్తుంది, పాట పడ్డాక వెనక్కి వెళ్లాలి. వెళ్లకపోతే అదే పాట మళ్లీ వస్తుంది. కరెంటు ప్లగ్ తీసేసి ఆ ఒక్క పిన్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి, వేలితో నెమ్మదిగా ఆడించి చూడండి.

ఆగకుండా తిరగడం అంటే, ఏదో పాట ఎంపికైందని మెషీన్‌కు తెలుసు, కానీ కారియేజ్‌తో పాటు కదిలే కాంటాక్ట్ ఆ పిన్‌ను సరిగ్గా తాకడం లేదు. కాంటాక్టుల మధ్య ఆల్కహాల్‌లో తడిపిన కాగితపు ముక్క పెట్టి లాగండి. ఉప్పుకాగితం వాడితే పైపూత పోతుంది, దయచేసి వాడకండి.

మీది 1955 నాటి వి200 లాంటి, టార్మాట్ మెమరీ ఉన్న సీబర్గ్ అయితే పిన్నులే ఉండవు. టార్మాట్‌లో ఒక్కో పాటకు ఒక చిన్న ఫెర్రైట్ ఉంగరం. అక్షరం తీగలోనూ అంకె తీగలోనూ ఒకేసారి పల్స్ (క్షణకాలపు కరెంటు) వస్తేనే పాట నమోదవుతుంది. అన్ని పాటలూ అప్పుడప్పుడు నమోదు కాకపోతే మెమరీని అనుమానించకండి. పల్స్ ఇచ్చే పాత కెపాసిటర్లు, ట్యూబులు చూడండి. మెమరీ పాడవడం అరుదు. ఈ పని చేసేటప్పుడు ఒక జాగ్రత్త: ట్యూబ్ సర్క్యూట్లలో వందల వోల్టులు ఉంటాయి, ప్లగ్ తీశాక కూడా కెపాసిటర్లలో చార్జ్ మిగిలి ఉంటుంది. అనుభవం లేకపోతే ఆ పెట్టె తెరవకండి.

ఇంకో మాట. అమెరికాలో 60 హెర్ట్జ్‌కు చేసిన మెషీన్ 50 హెర్ట్జ్ మీద నడిస్తే మోటార్ ఆరో వంతు నెమ్మదిస్తుంది, నిమిషానికి 45 చుట్ల వేగం 37.5కు పడిపోతుంది. పాట సాగినట్టు వినిపిస్తే కారణం అదే కావచ్చు. దాన్నీ సెలెక్షన్ లోపాన్నీ కలిపి చూడకండి.

సర్దుబాటు స్క్రూలు చివరి మాటే. ఏ ఖాళీ ఎంత ఉండాలో మోడల్‌ను బట్టి మారుతుంది, మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ దగ్గర పెట్టుకోండి. తిప్పక తప్పకపోతే ముందు ఫొటో తీసి, స్క్రూ మీద గీత పెట్టుకోండి. శుభ్రం చేశాక కూడా తప్పుతుంటే మోడల్ పేరు, పట్టిక రాయండి. ఏ కాంటాక్ట్ చూడాలో చెబుతాను.