స్కై మ్యాప్ గురుగ్రహాన్ని తప్పు దిక్కులో చూపిస్తుంటే

గురుడు పడమట కనిపిస్తుంటే ట్యాబ్‌లో స్టెల్లేరియం (ఆకాశ పటం చూపించే యాప్) దక్షిణాన చూపిస్తోందంటే, చాలామటుకు తప్పు ఫ్లిప్ కవర్‌లోని అయస్కాంతానిదే.

1. కవర్ పూర్తిగా ఊడదీయండి. అందరూ వెనక్కి మడిచి వదిలేస్తారు. అలా చేస్తే అయస్కాంతం ట్యాబ్‌లోని దిక్సూచి సెన్సర్‌కి ఇంకా దగ్గరవ్వచ్చు. ఇనుప రెయిలింగ్‌కి, బైక్‌కి దూరంగా నిలబడండి.

2. ఫైఫాక్స్ అనే యాప్ (ఉచితమే) తెరిచి మాగ్నెటోమీటర్, అంటే ఆ దిక్సూచి సెన్సర్ కొలిచే అయస్కాంత బలం, చూడండి. మన దగ్గర 40 మైక్రోటెస్లాల చుట్టుపక్కల ఉండాలి. వందల్లో ఉంటే ఇంకా ఏదో లాగుతోంది. యాప్‌లో మాగ్నెటోమీటర్ వరుస మసగ్గా ఉంటే మీ ట్యాబ్‌లో ఆ సెన్సరే లేదు, చవక వాటిలో మామూలే. ఇక మ్యాప్‌ని వేలితో జరుపుకోవడమే.

3. ట్యాబ్‌ని గాల్లో 8 ఆకారంలో నాలుగైదుసార్లు తిప్పండి. లొకేషన్ ఆన్‌లో ఉండాలి.

సరిచూసుకోవాలంటే, హైదరాబాద్‌లో ధ్రువనక్షత్రం ఉత్తరాన సుమారు 17 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. చెయ్యి చాచి పట్టిన గుప్పిలి దాదాపు 10 డిగ్రీలు.