ఆట, పాట, వాక్యం: సండేస్కూల్ మొదలుపెడుతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,

ప్రభువు నామమున వందనములు. మీ సంఘంలో సండేస్కూల్ బాధ్యత నీకు అప్పగించారనీ, పిల్లలకు వాక్యాన్ని పాటతోనూ అభినయంతోనూ నేర్పాలని ఉందనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదనీ నీవు రాసిన ఉత్తరం అందింది. ఈ పనిలో చాలాకాలం ఉన్నదాన్ని గనుక నాకు తెలిసినంతవరకు రాస్తున్నాను. ఇందులో ముఖ్యమైన సంగతి ఒక్కటే, తక్కినవన్నీ దాని వెంట వచ్చేవే: పాట వాక్యంలోని మాటలనే పలకాలి, కదలిక ఆ మాటల అర్థాన్నే చూపాలి. ఈ రెండూ కుదరనప్పుడు పిల్లలు గంటసేపు ఎగిరి, చెమటలు కక్కి, సంతోషంగానే ఇంటికి వెళతారు గానీ, ఏం నేర్చుకున్నావని తల్లి అడిగితే చేతులు ఊపి చూపిస్తారే తప్ప నోట మాట రాదు.

మొదట ఒక్క వచనం తీసుకో. కీర్తనలు 119:105 అయితే అన్ని వయసుల వారికీ సరిపోతుంది: "నీ వాక్యము నా పాదములకు దీపమును నా త్రోవకు వెలుగునై యున్నది." వాక్యము అన్నప్పుడు రెండు అరచేతులూ పుస్తకం తెరిచినట్లు విప్పాలి. పాదములకు అన్నప్పుడు వంగి పాదాలను తాకాలి. దీపమును అన్నప్పుడు ఎడమ అరచేతిని ప్రమిదలా పట్టి, దానిపై కుడి చూపుడువేలిని వత్తిలా నిలబెట్టాలి. త్రోవకు అన్నప్పుడు ఆ ప్రమిద చెదరకుండా ముందుకు ఒక అడుగు, ఒక్కటంటే ఒక్క అడుగు, వేయాలి. చివరి మాటలకు చేతులు రెండూ వెడల్పుగా చాపాలి. ఒక్క అడుగే ఎందుకని పిల్లల్లో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. అప్పుడు నీవు జవాబు చెప్పకు. దీపం పట్టుకుని పరుగెత్తితే ఏమవుతుందో, చిన్న దీపం ఎంత మేర చూపుతుందో వాళ్లచేతనే చెప్పించు. ఆ రోజు పాఠం అక్కడే ఉంది, వేరే ప్రసంగం అక్కర్లేదు. ఒక చిన్న సంగతి ముందే చెప్పాలి: నీవు వారికి ఎదురుగా నిలబడతావు గనుక, వారి కుడిచేయి లేవాలంటే నీ ఎడమచేయి లేవాలి. ఇది ఇంట్లో అద్దం ముందు సాధన చేసుకుని వెళితే మంచిది, లేకపోతే మొదటి వరుసలోనే తికమక మొదలవుతుంది.

ఒక వచనానికి నాలుగైదు కదలికలకు మించి పెట్టవద్దు. అక్షరానికొక చేష్ట పెట్టినా, ప్రతి పాటకూ అవే చప్పట్లు, అవే గంతులు పెట్టినా ఫలితం ఒక్కటే, మాట వెనకబడిపోతుంది. విన్న మాట కంటే చేసి చూపిన మాట బాగా గుర్తుంటుందని 1980ల తొలినాళ్ల నుంచి మనోవిజ్ఞాన పరిశోధకులు ప్రయోగాలతో చూపుతూ వస్తున్నారు. అయితే చేసే పనికీ అనే మాటకూ పొత్తు ఉన్నచోటే ఆ మేలు కనబడుతుంది. వీలైనప్పుడల్లా అభినయాన్ని పిల్లలచేతనే కట్టించు. 23వ కీర్తనలో "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు" అన్నచోట అచ్చుబొమ్మల్లోని కాపరిని అనుకరించమంటే వాళ్లు వంపు కర్ర పట్టుకున్నట్లు బిగుసుకుపోతారు. మన ఊళ్లలో గొర్రెలు కాసేవారు ఎలా నిలబడతారో చూపమంటే, వెంటనే ఒకడు లేని కర్రను మెడ వెనుక అడ్డంగా పెట్టుకుని రెండు చేతులూ దానిమీద వేలాడేసి నిలబడతాడు, ఇంకొకడు భుజాన గొంగడి సర్దుకుంటాడు. అదే కీర్తనలో నాలుగో వచనంలోని దుడ్డుకర్ర, దండము వచ్చేసరికి కర్ర దేనికి పనికివస్తుందో నీవు చెప్పనక్కర్లేదు, కుక్కను అదిలించేదీ, దారి తప్పిన గొర్రెను మళ్లించేదీ వాళ్లే చేసి చూపిస్తారు. ఎఫెసీయులకు 6వ అధ్యాయంలోని సర్వాంగ కవచమూ ఇలాగే. దట్టి (నడికట్టు), మైమరువు (రొమ్ము కవచం), జోడు (చెప్పులు), డాలు, శిరస్త్రాణము, ఖడ్గము అని ఆరింటినీ వరుసగా ఒంటికి తొడుక్కుంటూ పాడిన పిల్లవాడు ఆ పాత మాటలను చూసి బెదరడు.

ఇక వరస. సినిమా పాట బాణీలో వాక్యాన్ని కూర్చాలన్న ఆలోచన నీకు వచ్చే ఉంటుంది, ఎందుకంటే పిల్లలు వెంటనే అందుకుంటారు. నేను దానికి సమ్మతించను. కారణం పవిత్రత మాత్రమే కాదు, పని చెడుతుంది: సోమవారం బడికి వెళ్లేసరికి ఆ బాణీ తన పాత మాటలను వెనక్కు లాక్కుంటుంది. దానికి బదులు కోలాటం, చెక్కభజన, జోలపాట వరసలు వెతుకు. ఇవి పిల్లల ఒంటికి అలవాటైనవి, ఏ ఒక్క పాటకూ కట్టుబడనివి. మన సంఘాలకు ఇది కొత్త కూడా కాదు. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) వంటివారు 19వ శతాబ్దంలోనే దేశీయ రాగతాళాల్లో కీర్తనలు కట్టారు, మన పాత కీర్తనల పుస్తకంలో పాటల పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పిల్లలకు ఐదారు స్వరాల మేర దాటని వరస చాలు, పదేపదే తిరిగి వచ్చేదైతే మరీ మంచిది. శ్రుతి నీ గొంతును బట్టి కాక వారి గొంతును బట్టి పెట్టు. మగవారు హార్మోనియం పట్టి తమకు హాయిగా ఉండే శ్రుతిలో ఎత్తుకుంటే పిల్లలు కింద అందక గొణుగుతారు, లేదా అరుస్తారు. వరసకు సరిపోవడం కోసం వాక్యంలో మాట తీసేయడం, కలపడం మాత్రం చేయకు. వరసనే సాగదీయి. "యెహోవా నా కాపరి" ఒక పాదం, "నాకు లేమి కలుగదు" ఒక పాదం, రెండూ దాదాపు ఒకే నిడివి. మన బైబిలులో ఇలా తాళానికి తమంతట తామే ఒదిగే వచనాలు చాలా ఉన్నాయి, వాటితో మొదలుపెట్టి కష్టమైనవి తర్వాత పట్టుకోవచ్చు. అధ్యాయం, వచనం సంఖ్యలను కూడా అదే వరసలో చివర పాడించు.

చదవడం రాని చిన్నపిల్లలు ఎక్కువగా ఉంటే 136వ కీర్తన నీకు వరం. అందులోని 26 వచనాల్లో ప్రతిదీ "ఆయన కృప నిరంతరముండును" అన్న మాటతోనే ముగుస్తుంది. నీవో, చదవడం వచ్చిన పెద్దపిల్లో మొదటి భాగం పాడితే, తక్కినవారు ఆ ఒక్క మాటా అందుకుని కోలాటం కర్రలు కలుపుతారు. సముద్రము పాయలైన చోట వలయం రెండుగా చీలాలి, ఇశ్రాయేలీయులు దాటిన చోట ఒక వరుస వారు ఆ నడుమ నుంచి దాటాలి. కీర్తన మొత్తం ఒక్క ఆదివారంలో వద్దు. సృష్టి వరకు ఒక వారం, ఐగుప్తు నుంచి విడుదల మరో వారం.

నడిచే పాఠాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది యెరికో, అంటే ఇశ్రాయేలీయులు చుట్టూ తిరిగి కేక వేయగా గోడలు కూలిన పట్టణం కథ. యెహోషువ 6వ అధ్యాయం ప్రకారం ఆరు రోజులు రోజుకొక్కసారి, ఏడో రోజు ఏడుసార్లు, అంటే మొత్తం 13 ప్రదక్షిణలు. చాలామంది ఉపాధ్యాయులు చివరి కేకల మీదే మోజుపడి తక్కినది తొందరగా ముగించేస్తారు. కానీ ఆ అధ్యాయంలో కష్టమైన ఆజ్ఞ కేక వేయడం కాదు, చెప్పేవరకు నోట మాట రాకుండా నడవడం. అందుకే బూరలు ఊదే ఏడుగురు తప్ప ఎవరూ పెదవి కదపకుండా తిరగాలని నియమం పెట్టు. మూడో చుట్టుకే ఎవరో ఒకరు కిసుక్కున నవ్వుతారు, అప్పుడు అందరూ ఆగి ఆ చుట్టు మళ్లీ మొదలుపెట్టాలి. పదమూడో చుట్టు చివర వచ్చే కేకకు అప్పుడే అర్థం ఉంటుంది. అయితే గుడి లోపల పెద్దల ఆరాధన జరుగుతున్నప్పుడు మాత్రం ఈ పాఠం పెట్టుకోకు. గోడలుగా కూర్చుని కూలిపోయే పాత్ర అందరికీ కావాలి గనుక వంతులు ముందే నిర్ణయించు.

అన్నిటికీ అభినయం పనికిరాదు. సిలువ వృత్తాంతాన్ని పిల్లలచేత మేకులు కొట్టించి ఆడించడం నేను చూశాను. కొట్టేవాడు నవ్వుతాడు, కొట్టించుకునేవాడు ఇంకా ఎక్కువగా నవ్వుతాడు. ఆ పాఠానికి అందరినీ కూర్చోబెట్టి, ఒక నెమ్మదైన పాట పాడి, చదివి వినిపించు. అలాగే అపొస్తలుల కార్యములు 3వ అధ్యాయంలో కుంటివాడు లేచి గంతులు వేసిన కథ ఎంత ఆటకు అనువైనదైనా, నీ తరగతిలో కాలు సరిగా లేని పిల్లవాడుంటే వాణ్ణి ప్రేక్షకుడిగా కూర్చోబెట్టి ఆడించకు. ఆ రోజు అందరికీ చేతుల అభినయమే పెట్టు, పేతురు కుడిచెయ్యి పట్టుకుని లేవనెత్తిన ఘట్టం మీద నిలు. ప్రొజెక్టరు మీద యాక్షన్ సాంగ్ వీడియోలు వేసే అలవాటు కూడా తగ్గించు. పిల్లలు తెరను చూస్తూ చేతులు కదుపుతారు గానీ పాడేది స్పీకరే.

నేర్చుకున్నారో లేదో తెలుసుకోవడానికి మరుసటి ఆదివారం వరుసగా మూడుసార్లు చెప్పించు: పాటతో, అభినయంతో ఒకసారి, చేతులు కట్టుకుని పాటగా ఒకసారి, వరస లేకుండా మామూలు మాటగా ఒకసారి. మూడోసారికి చాలామంది తడబడతారు, అది సహజమే, ఆ తడబాటు తీరేవరకు కొత్త వచనం మొదలుపెట్టకు. తర్వాత నడుమ నుంచి అడుగు: దీపము తర్వాత ఏమిటి? మొదటి నుంచి పాడుకుంటే గాని ఆ చోటికి రాలేని పిల్లవాడికి ఇంకా వాక్యం రాలేదు, పాట మాత్రమే వచ్చింది. కంఠత వాక్యానికి బహుమతి ఇచ్చే ఆచారం మీ సంఘంలో ఉంటే ఆ మూడో విధంగా చెప్పినవారికే ఇవ్వు.

గుడిలో ఈ గంతులేమిటని అడిగే పెద్దలు ఉంటారు. మిర్యాము తంబుర పట్టిన సంగతి (నిర్గమకాండము 15:20), దావీదు యెహోవా సన్నిధిని నాట్యమాడిన సంగతి (2 సమూయేలు 6:14) వారికి నీకంటే బాగా తెలుసు గనుక వచనాలతో వాదానికి దిగకు. పాస్టరుగారితో ముందే మాట్లాడి, నెలకొక ఆదివారం ఆరాధన ముగిసిన తర్వాత పిల్లలచేత ఒక్క వచనం చెప్పించే అవకాశం అడుగు. అభినయంతో ఒకసారి చెప్పించి, వెంటనే చేతులు కట్టించి మామూలుగా చెప్పించు. ఆ రెండోసారి విన్నాక అడ్డుచెప్పినవారిని నేను ఎక్కువగా చూడలేదు.

రేపటి ఆదివారానికి దీపం వచనం ఒక్కటే చాలు. 23వ కీర్తన ఆ తర్వాత, 136 ఇంకా తర్వాత, యెరికోను మే నెల విబిఎస్‌కు (పిల్లల వేసవి సెలవుల బైబిలు పాఠశాలకు) ఉంచు. కోలాటం కర్రలు బజారులో కొనవద్దు, అవి పెద్దవాళ్ల కొలతవి. వడ్రంగికి చెప్పి పిల్లల చేతికి సరిపోయేలా అడుగు లోపు పొడవుతో చేయించు, చివరలు గుండ్రంగా నునుపుచేయమని మరీ మరీ చెప్పు. ఒకటో రెండో జతలు అదనంగా ఉండనీ, తప్పకుండా విరుగుతాయి.

ఇట్లు,
నీ మేనత్త